అట్టలకు పనికొచ్చిన పత్రిక

నాన్నగారు రాజమండ్రి దగ్గర ఒక ఊళ్లో లైబ్రేరియన్. తొంభైల్లో ఆ లైబ్రరీకి ఒక విదేశీ ప్రభుత్వం తమ దేశం గురించి తెలుగులో అచ్చువేసిన పత్రికను నెలనెలా ఉచితంగా పంపేది. కవరు మీద నాన్నగారి పేరు టైపు చేసి ఉండేది. అది వచ్చిన రోజు ఆయన నడకే మారిపోయేది.

చదివేవాళ్లు మాత్రం లేరు. కాగితం దళసరిగా, నున్నగా ఉండడంతో పాత సంచికలన్నీ మా స్కూలు పుస్తకాలకు అట్టలయ్యేవి. నా లెక్కల పుస్తకం మీద ఒక వంతెన, సైన్సు మీద ఎవరో మంత్రి.

ఒకసారి మద్రాసులోని వాళ్ల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పత్రికను ఎలా బాగుచేయాలో అడగడానికి ఒకావిడ వస్తోందట. ఎవరూ చదవడం లేదని తెలిస్తే ఆపేస్తారని నాన్నగారికి బెంగ పట్టుకుంది. ముందు నా పుస్తకాల అట్టలన్నీ తీయించేశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

వచ్చినావిడ తెలుగావిడే. మా ఇంట్లోనే భోంచేసింది. "లోపాలు చెప్పండి, అందుకే వచ్చాను" అని ఎన్నిసార్లు అడిగినా నాన్నగారిది ఒకటే మాట.

"చాలా బాగుంటుందండి. లోపాలేముంటాయండీ!"

ఇంటికొచ్చిన మనిషి ముందు వంకలు పెట్టడం మా వైపు లేదు. ఆవిడ నోట్‌బుక్కులో ఒక్క అక్షరం పడలేదు.

బయల్దేరేటప్పుడు అమ్మ అలవాటు కొద్దీ పూతరేకులు పొట్లం కట్టి ఆవిడ చేతిలో పెట్టింది. పొట్లం కట్టింది ఆ పత్రిక కాగితంతోనే. పైన వాళ్ల పార్లమెంటు తళతళలాడుతోంది. నాన్నగారి మొహంలో నెత్తురుచుక్క లేదు.

ఆవిడ నవ్వేసింది. "మీరు చెప్పండమ్మా, ఎందుకు చదవరు?"

అమ్మ నాన్నగారి వైపు చూడకుండా చెప్పేసింది. "అన్నీ భవనాలూ, మంత్రులేనండి. అక్కడి ఆడవాళ్లు ఏం వండుకుంటారో, పిల్లలు తిననని మారాం చేస్తే ఏం చేస్తారో ఎక్కడా ఉండదండి. చుట్టాలింటికెళ్తే మేడ చూపించి, వంటింట్లోకి రానివ్వనట్టుంటుందండి."

ఆవిడ గుమ్మంలోనే నిలబడి అంతా రాసుకుంది.

తర్వాత మూడు నెలలు కవరు రాలేదు. నాన్నగారు అమ్మతో ముభావంగా ఉండేవారు. నాకు ఇద్దరి మీదా జాలేసేది.

నాలుగో నెల కవరు వచ్చింది. మధ్య పేజీలో, గిన్నె పట్టుకుని చంటిపిల్లాడి వెంట పరిగెడుతున్న ఒక తల్లి ఫొటో. కింద ఆ తల్లికి రోజంతా ఎలా గడుస్తుందో రాశారు.

ఆ పేజీ నా తెలుగు వాచకానికి అట్ట వేస్తానని అడిగాను.

"కుదరదమ్మా. మీ అమ్మ చెబితే రాశారది" అన్నారు నాన్నగారు.

తన పేరున్న కవరు చూసుకున్నప్పుడు కూడా ఆయన గొంతులో అంత గర్వం నేను వినలేదు.