మలుపులో తోసేదెవరు

2019 చలికాలం. జనగామలో నా షెడ్డుకు పాత జీపులే ఎక్కువగా వస్తాయి. నాది కమాన్ పని. వెనక ఇరుసును పట్టి ఉంచే ఇనుప పట్టీల కట్టను మేం కమాన్ అంటాం. దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. బోల్ట్ సరిగా బిగించకుండా నెపం దయ్యం మీదికి నెట్టేవాళ్లను చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది.

ఒక పొద్దున చిల్పూర్ వైపు పల్లె నుంచి సమ్మయ్య అనే డ్రైవర్ జీపు తెచ్చాడు. పత్తి ఏరే ఆడవాళ్లను చేన్లకు చేర్చే బండి. అంతకు ముందు దాన్ని నడిపిన అతని అన్న కొమురయ్య, గుట్ట కింది మలుపులో బోల్తాపడి చనిపోయాడు. బండి బాగుచేయించి రోడ్డెక్కించినప్పటి నుంచి, అదే మలుపులో ఎవరో వెనక భుజం పెట్టి నెట్టినట్టు పక్కకు జరుగుతోందట. కూలీలు ఎక్కడం మానేస్తున్నారు. బండి ఆగితే తన ఇంట్లోనూ, అన్న ఇంట్లోనూ పొయ్యి వెలగదు.

"మా అన్న పిలుస్తుండని అంటున్నరే," అన్నాడు నేల చూస్తూ. "నువ్వొక్కసారి కూసొని చూడరాదే."

ఖాళీ బండిని నడిపి చూశాను, ఏమీ లేదు. నీ భయమే నిన్ను తోస్తోందని కసిరాను. అయినా వాడు వదలకపోతే, మర్నాడు కూలీలతో పాటు నేనూ ఎక్కాను. కొమురయ్య భార్య ఐలవ్వ వెనక చివరి సీట్లో కూర్చుంది. రోజూ ఆమె చోటు అదేనట. అప్పటిదాకా ఒకటే ముచ్చట్లు. మలుపు కనబడగానే అందరూ ఒక్కసారి నోరు మూసుకున్నారు. బయట ఎండ బాగానే ఉంది, నాకు మాత్రం చేతుల మీద వెంట్రుకలు లేచాయి. బండి తిరుగుతుండగా వెనక నుంచి మెత్తగా ఒక తోపు. గుంతలో పడ్డ కుదుపు కాదు, మనిషి ఆనినట్టే ఉంది. ఐలవ్వ ఒక్కతే భయపడలేదు. ఎవరో చెప్పేది వింటున్నట్టు తల పక్కకు వంచి కూర్చుంది. ఎందుకు దాచాలి, నేనూ వెనక్కి తిరిగి చూశాను.

షెడ్డుకు తెచ్చి విప్పాను. కమాన్‌ను ఇరుసుకు బిగించేవి యూ బోల్టులు. కట్ట నడుమ ఉండే సెంటర్ బోల్ట్ తల ఇరుసు మీది గుంటలో దిగి, ఇరుసును కదలనివ్వదు. కుడి పక్క ఆ బోల్ట్ విరిగి ఉంది. కమాన్‌కూ ఇరుసుకూ మధ్య నలిగిపోయిన రాగిరేకు, దాని చుట్టూ చివికిన ఎర్రగుడ్డ. బోల్ట్ తల గుంటలో దిగకుండా ఆ రేకే అడ్డుపడింది. గుడ్డ చివికే కొద్దీ యూ బోల్టులు వదులయ్యాయి. ఖాళీగా ఉంటే తెలియదు. జనం ఎక్కి, మలుపులో బరువంతా ఒక పక్కకు ఒరిగితేనే ఇరుసు జారుతుంది.

రేకు చూసి సమ్మయ్య కూలబడ్డాడు. బండి కొన్నప్పుడు మొగుడికి ఏ ఆపదా రావద్దని ఐలవ్వే దాని మీద మంత్రం రాయించి తెచ్చిందట. అద్దానికి కడితే ఎవరైనా తెంపుతారని, ఎప్పటికీ ఊడని చోటు కావాలని, దగ్గరుండి బోల్టులు విప్పించి అక్కడ పెట్టించిందట.

"మా వదినెకు చెప్పకే అన్నా. పానం తీసుకుంటది," అని నా చేతులు పట్టుకున్నాడు. సరేనని రేకు జేబులో వేసుకున్నాను. కొత్త బోల్టులు, బుష్షులు వేశాను. నా ధీమా కోసం చాసిస్ నుంచి ఇరుసుకు అడ్డంగా ఒక రాడ్డు కూడా కట్టాను. పాన్‌హార్డ్ రాడ్ అంటారు, అది ఇరుసును పక్కకు పోనివ్వదు.

మళ్లీ అందరం ఎక్కి పోయాం. మలుపులో బండి గీత గీసినట్టు తిరిగింది. ఎవరో నవ్వారు, మళ్లీ ముచ్చట్లు మొదలయ్యాయి. ఐలవ్వ మాత్రం వెనక్కి తిరిగి ఖాళీ రోడ్డును చూస్తూనే ఉంది. దిగాక కొంగులోంచి కొత్త ఎర్రగుడ్డ మూట తీసి నా చేతికిచ్చింది.

"పాతదాని బలం పోయినట్టుంది అన్నా. మా మరిదికి ఏం కావద్దు, గా కమాన్ కిందనే పెట్టు."

సమ్మయ్య మొఖంలో నెత్తురు లేదు. నేను పెట్టకపోతే ఇంకో మెకానిక్ పెడతాడు. పెడితే ఇంకో పీనుగు లేస్తుంది. అక్కడ ఏదీ పెట్టొద్దు చెల్లె అన్నాను. ఎందుకని అడిగింది. జేబులోని రేకు తీసి ఆమె చేతిలో పెట్టి, బోల్ట్‌కు ఇదే అడ్డుపడిందని చెప్పాను. చాలాసేపు దాన్ని వేలితో రుద్దింది.

"ఇన్నొద్దులు ఆయనే అచ్చి ఆనుతుండనుకున్న," అంది. "తోసింది నేనేనా అన్నా?"

నువ్వు కాదు, అడగ్గానే అక్కడ పెట్టి బిగించిన మెకానిక్‌దే పాపం అన్నాను. అది నిజమే. ఆమె వినలేదు.

అప్పటి నుంచి ఏ బండి వచ్చినా జాకీ పెట్టక ముందే అడుగుతాను, దీనికి ఎవరు ఏం కట్టారు, ఎక్కడ పెట్టారు అని. కొందరు నవ్వుతారు, నవ్వనీ. ఆ జీపు ఇంకా తిరుగుతోంది, మలుపులో ఏ తోపూ లేదు. ఐలవ్వ ఇప్పటికీ ఆ చివరి సీట్లోనే కూర్చుంటుందని సమ్మయ్య చెప్తాడు. గుట్ట కనబడగానే కాస్త లోపలికి జరిగి, పక్కన చోటిస్తుందట.