పూల్ బల్ల మీద తెల్లబంతి

విజయవాడలో ఉద్యోగం చేసినన్నాళ్లూ నా సాయంత్రాలు స్నూకర్ బల్ల దగ్గరే గడిచాయి. దేశం మారి బ్లాక్‌టౌన్ వచ్చాక మా పేట క్లబ్బులో ఉన్నది పూల్ బల్లే. అక్కడి పెద్దవాళ్ల జట్టులో ఒక చోటు ఖాళీ అయింది. అది నాకే రావాలని పట్టుబట్టాను.

పరీక్షగా ఒక ఆట ఆడించారు. చివరి ఎర్రబంతిని పాకెట్‌లో వేస్తూ, తెల్లబంతి బల్ల అంచున ఉండే రబ్బరు కుషన్‌కు తగిలి, ఆఖరున వేయాల్సిన నల్లబంతి వెనక్కి చేరాలని, అలవాటు కొద్దీ దాన్ని పక్కగా కొట్టి తిప్పాను. ఎర్రబంతి పడింది. తెల్లబంతి కుషన్‌ను తాకగానే విసురుగా పక్కకు తిరిగి, మూల పాకెట్‌లోకి పోయింది. ఆ తప్పుకు వంతు ఎదుటివాడికి పోయింది, దాంతో ఆటా పోయింది.

జట్టులో ఉన్న మా నిజామాబాద్ మిత్రుడు నవ్వాడు.

"ఏంది అన్నా, తెల్లదానికి గుడ తొవ్వ చూపిస్తున్నవా?"

"బల్ల తేడాగా ఉందండీ."

"మేమందరం ఆడేది గీ బల్ల మీదనే గదా!"

కెప్టెన్, రిటైరైన బస్సు డ్రైవరమ్మ, జాలిపడింది. "నెక్స్ట్ వీక్, వన్ మోర్ గో, మేట్."

స్నూకర్ బల్ల పొడవు, గుడ్డకు నూగు ఉంటుంది. కుషన్ చేరేలోపే తిప్పుడు చాలావరకు చచ్చిపోతుంది. పూల్ బల్ల చిన్నది, గుడ్డ నున్నన. తిప్పుడు మిగిలే ఉంటుంది, రబ్బరు దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఈ సంగతి డైరీలో రాసుకున్నాను గానీ, చేతికి ఎక్కలేదు. అందుకని రోజూ మధ్యాహ్నం క్లబ్బుకు వెళ్లి, తెల్లబంతి ఒక్కదాన్నే ఒకేచోట పెట్టి కుషన్‌కు కొట్టాను. ముందు నడిమధ్యన, తర్వాత రవ్వంత పక్కన. అది వచ్చి ఆగినచోటికి ఎదురుగా బల్ల గట్టు మీద గుర్తుగా సుద్దముక్క పెట్టేవాణ్ణి.

"వదినెకు చెప్పొచ్చినవా? లేకుంటే పోలీసులకు ఫోన్ చేస్తది!" అని మిత్రుడు తలుపు దగ్గర్నుంచే అరిచేవాడు.

రెండో పరీక్షలోనూ ఇంచుమించు అదే దెబ్బ ఎదురైంది. వంగాను. క్యూ కర్ర పాత అలవాటుకు తనంతట తానే పక్కకు జరుగుతోంది. లేచి నిలబడి, కర్ర కొసకు సుద్ద రాసి, మళ్లీ వంగాను.

"అన్నా, పొద్దుగూకుతాంది!"

బంతి మధ్య నుంచి వెంట్రుకవాసి మాత్రమే జరిపి కొట్టాను. ఎర్రబంతి పడింది. తెల్లబంతి కుషన్‌ను తాకి నెమ్మదిగా వచ్చి, అనుకున్నదానికన్నా కాస్త దూరంగా ఆగింది. నల్లబంతిని తిప్పుడు జోలికి పోకుండా, తిన్నగా కొట్టి వేశాను.

"వాట్ సైజ్ షర్ట్, మేట్?" అని జట్టు చొక్కా కోసం అడిగింది కెప్టెన్.

"పొట్ట మర్వకు అన్నా!"

ఎక్స్‌ఎల్ అని చెప్పి, సుద్దముక్క జేబులో వేసుకున్నాను. ఇన్నాళ్లూ సాధన చేసింది ఎడమ పక్కే. మర్నాటి నుంచి కుడి పక్క మొదలుపెట్టాలి.