తలుపు అవతలి అక్క

పదిహేనుకు ముందు ఏ అంకె ఉంటుందో నాకు గుర్తు రాలేదు. ప్రమాదంలో ఉన్నానని అనిపించింది ఆ క్షణంలోనే.

హిందూపురంలో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు బడి సామాన్ల గదిని మేమే అంతరిక్ష నౌకగా మార్చాం. సందులన్నిటికీ కాగితాలు అంటించి, వెలుతురుకు లాంతరు పెట్టుకుని, ముగ్గురు అమ్మాయిలం సాయంత్రం దాకా లోపల ఉండాలి. భూమి మీది కేంద్రం పదో తరగతి అక్క. తలుపు బయట స్టూలు మీద కూర్చుని అరగంటకోసారి మమ్మల్ని పలకరించేది.

"బాగుండామక్కా" అంటే ఒప్పుకునేది కాదు.

"ఆ మాట అందురూ చెప్తారు. ఇరవై నుంచి ఎనక్కి లెక్కపెట్టు."

సాయంత్రం కావస్తుండగా నేను పదిహేను దగ్గర ఆగాను. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ అక్కడే ఆగాను.

"తలుపు తీస్తాండా" అంది.

"ఇంకో గంటే కదక్కా, హెడ్మాస్టరు చూసేకి వస్తారంట" అని నా పక్కనున్న ఇద్దరూ బతిమాలారు. బయట మగపిల్లలు నవ్వారు. "ఆడపిల్లోళ్ళ రాకెట్టు ఈడనే కూలిపాయ."

"కూలనీలేప్పా, లోపలోళ్ళు బయటికొస్తే చాలు" అంటూ ఆమె కాగితాలు చించేసింది.

గాలి తగలగానే నాకు వాంతి అయింది. ఆమె మూసిన గదిలో గాలంతా తినేసిన లాంతరు ఆర్పి, నా ముఖం కడిగి, నోటుపుస్తకంలో "ముగ్గురూ దిగినారు" అని రాసుకుంది.

నిన్న ధర్మవరంలో మా ఇంట్లో పిల్లలిద్దరూ మంచం చుట్టూ దుప్పట్లు కట్టి రాకెట్టు చేశారు. భయంతో అన్నీ పీకేశాను. ఏడుస్తూ పడుకున్నారు. ఈ పొద్దున లేపి చెప్పాను.

"మళ్ళీ కట్టుకోండి. ఇద్దరూ లోపలికి పోండి. బయట నేనుంటా."