కరెంటు లేని మధ్యాహ్నం మోగిన బేస్

నేను కరెంటువాడిని. ముప్పై ఏళ్లకు పైగా విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. తీగలో కరెంటు ఉంటే షాక్ కొడుతుంది, లేకపోతే కొట్టదు. నాకు తెలిసిన వేదాంతం ఇంతే. దయ్యాల మాట ఎవరెత్తినా నవ్వి ఊరుకునేవాణ్ణి, ఇప్పటికీ నవ్వుతాను. కానీ ఉద్యోగంలో చేరకముందు, డెబ్బైల్లో, తిరువూరులో జరిగిన ఒక సంగతి దగ్గర మాత్రం నా నవ్వు ఆగిపోతుంది. అందుకే దాన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

అప్పట్లో మాకొక బ్యాండు ఉండేది. పెళ్లిళ్ల బ్యాండు కాదు. ప్రసాద్ మద్రాసులో చదువుకునే రోజుల్లో బ్లూస్, రాక్ రికార్డులు విని, ఆ పిచ్చి మాకు కూడా అంటించాడు. గిటారూ పాటా వాడివే. నాది బేస్ గిటారు, మద్రాసులో ఎవరో వాడి వదిలేసినది. నాలుగే తీగలు, లావుగా ఉంటాయి. బేస్ పప్పులో ఉప్పు లాంటిది. ఉన్నప్పుడు ఎవరూ మెచ్చుకోరు, లేనప్పుడు అందరూ అడుగుతారు.

డ్రమ్ములు జానీవి. పేరు విని ఇంగ్లీషువాడనుకునేరు, మా షేక్ జానీయే. వాళ్ల నాన్న లారీలకు బాడీలు కట్టేవాడు. ఆ షెడ్డులో రేకుల మీద కొట్టీ కొట్టీ వాడికి చెయ్యి తిరిగింది. విస్సన్నపేట రోడ్డు మీద తిరిగే లారీల్లో సగం వాళ్ల బాబాయిలవో మామయ్యలవో. చెయ్యెత్తితే ఏ లారీ అయినా ఆగేది.

ఊళ్లో మా చప్పుడు భరించేవాళ్లు లేరు. చివరికి ఊరి బయట, ప్రసాద్ వాళ్ల మామిడితోటలో కాయలు సర్దే షెడ్డు దొరికింది. మోటారు కోసం లాగిన లైను నుంచి మాకొక తీగ తెచ్చుకున్నాం. బెజవాడలో ఒక రేడియో మెకానిక్ చెక్కపెట్టెలో బిగించి ఇచ్చిన ఆంప్లిఫయరు నా బేస్‌కి. దాని మీద చిన్న ఎర్రబల్బు, కరెంటు ఉంటే వెలిగేది.

మాకు సొంతంగా ఒకే ఒక్క పాట ఉండేది. బ్లూస్‌లో ఒకే మాట రెండుసార్లు పాడి, మూడోసారి జవాబు చెప్పాలట. ప్రసాద్ ఇలా కట్టాడు: "విస్సన్నపేట బస్సు ఇంకా రాలేదు, విస్సన్నపేట బస్సు ఇంకా రాలేదు, వచ్చినా అందులో నాకు సీటు లేదు." నాలుగు దెబ్బలకు ఒక బార్, పన్నెండు బార్లకు ఒక చుట్టు. చుట్టు పూర్తయ్యే చోట కాలిడ్రమ్ము ఒక్కసారి పడాలి. జానీ మాత్రం అక్కడ వెంటవెంటనే రెండు దెబ్బలు వేసేవాడు. ఎన్నిసార్లు చెప్పినా అంతే.

ఆ వేసవిలో విస్సన్నపేటలో ఒక ఫంక్షన్‌లో మా మొదటి ప్రోగ్రాం ఒప్పుకున్నాం. ప్రసాద్‌కి కంగారు పట్టుకుంది. ఆ రోజు పొద్దుటి ప్రాక్టీసులో చేతిలోని డ్రమ్ము పుల్లలు లాక్కుని మరీ జానీని తిట్టాడు. "ఆ రెండో దెబ్బ తీసెయ్యరా బాబూ, జనం నవ్వుతారు" అన్నాడు. "నవ్వితే నవ్వనీ. అది లేకపోతే పాట కుంటుద్ది" అని జానీ లేచి బయటికి వెళ్లిపోయాడు.

మేం వెనక్కి పిలవలేదు. వాడికి అలక వచ్చినప్పుడల్లా రోడ్డెక్కి ఏదో ఒక లారీ ఆపి ఇంటికి పోవడం, సాయంత్రానికి నవ్వుకుంటూ రావడం మామూలే. ఈసారీ అంతే అనుకుని క్యారియర్లు విప్పి భోంచేశాం. భోజనం మధ్యలోనే కరెంటు పోయింది. ఎండాకాలం మధ్యాహ్నాలు కరెంటు పోతే పొద్దు వాలేదాకా రాదు. ఎలుకలు కొరుకుతాయని ఆంప్లిఫయరు తీగను ప్లగ్గులోంచి పీకి చుట్టి పెట్టాను. బేస్‌ని మా అమ్మ కుట్టిన గుడ్డసంచిలో పెట్టి గోడకు తగిలించాను. బేస్‌నీ పెట్టెనూ కలిపే తీగ నా చేతిసంచిలో ఉంది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత అందరూ నన్ను ఇవే అడిగారు.

షెడ్డుకు ఎదురుగా, వాకిలి దాటితే కాయలు మగ్గబెట్టే కొట్టు. మందపాటి మట్టిగోడలు, కిటికీలు లేవు. పచ్చికాయల్ని వరిగడ్డిలో పరిచి, కుండలో ఊక రాజేసి లోపల పెట్టి, తలుపు మూసి, సందులన్నీ పేడా మట్టీ కలిపి మెత్తేవారు. మూశాక మర్నాటిదాకా తెరవకూడదు. కాయలున్న ఆ కొట్టులోకి ఎవరూ చెప్పులతో వెళ్లరు, తోటలో అది నియమం. తోట గుత్తకు తీసుకున్న నాగేశం ఆ మధ్యాహ్నం పొగకుండ పెట్టి తలుపు మెత్తుతుంటే, నేను చాప మీద పడుకుని చూస్తూనే ఉన్నాను. అలాగే నిద్రపట్టేసింది.

మెలకువ వచ్చింది చప్పుడుకు. నా బేస్ చప్పుడే. కింది తీగ స్వరం, ఒక్కొక్కటిగా, నింపాదిగా. కలేమో అనుకున్నాను. చుట్టు పూర్తయ్యే చోటికి రాగానే దబ్ దబ్ అని రెండు దెబ్బలు పడ్డాయి. లేచి కూర్చున్నాను. సంచి గోడకు అలాగే వేలాడుతోంది. డ్రమ్ముల దగ్గర ఎవరూ లేరు. ఎర్రబల్బు వెలగలేదు. చప్పుడు మాత్రం ఆంప్లిఫయరు పెట్టెలోంచే వస్తోంది. దాని ముందు కట్టిన గుడ్డ దెబ్బదెబ్బకీ కదులుతోంది.

పక్కన ప్రసాద్ కూడా లేచి కూర్చున్నాడు. "ఎవర్రా వాయించేది?" అన్నాడు. నేను వేలితో పెట్టెను చూపించాను.

అంతలో బయట గడ్డి సర్దుతున్న నాగేశం భార్య మంగమ్మ కేకేసింది. "కరెంటొచ్చిందా బాబూ? మోటారెయ్యమని చెప్పనా మా ఆయనకి?"

ఆమెకూ వినపడిందన్నమాట. ఈ సంగతికి నాకున్న గట్టి సాక్ష్యం ఈ మాటే. ఆమెకు బ్లూసూ తెలియదు, దయ్యమూ తెలియదు. మోటారు వేయాలా వద్దా, అంతే.

రెండో చుట్టు మొదలైంది. ఈసారి దెబ్బలు నెమ్మదించాయి. మధ్యలో ఎడం పెరుగుతోంది, చప్పుడు సన్నబడుతోంది. ఆ రెండు దెబ్బల దగ్గరికి వచ్చేసరికి మొదటిది పడింది, రెండోది పడలేదు. నా జన్మలో అంత భయం ఎప్పుడూ వేయలేదు. ఆ పాటని జానీ రెండో దెబ్బ లేకుండా వాయించగా నేను ఎన్నడూ వినలేదు.

"జానీ ఏడ్రా?" అంటూ బయటికి పరిగెత్తాను. రోడ్డు వైపు వెళ్లబోతుంటే కొట్టు గోడవారగా ఒక జత చెప్పులు కనపడ్డాయి. లారీ టైరుతో కుట్టిన చెప్పులు. తిరువూరులో అలాంటివి తొడుక్కునేవాడు ఒక్కడే.

నాగేశం ఆ చెప్పుల్ని చూడకపోలేదు. మేం ముగ్గురం చెప్పులు ఎక్కడబడితే అక్కడ వదిలేస్తామని, మావే అనుకుని పక్కకు నెట్టి పని చేసుకున్నాడు. తలుపు తియ్యమంటే అడ్డొచ్చాడు. "ఇప్పుడు తీస్తే పొగంతా పోద్ది బాబూ, కాయ దండగైపోద్ది" అన్నాడు. ప్రసాద్ అతన్ని పక్కకు నెట్టాడు. మెత్తిన మట్టిని ఒక్క తన్ను తన్నాడు. తర్వాత నాగేశంతో కలిపి ముగ్గురం తలుపు లాగాం.

పొగ మొహాన కొట్టింది. తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి పాకాను. లోపల వెనక వైపు గడ్డిపోగు చాటున జానీ, చల్లగా ఉంటుందని పడుకున్నవాడు పడుకున్నట్టే ఉన్నాడు. చేతులు గుండెల మీద, కాళ్లు మెత్తటి గడ్డిలో. గోడ వాడికి అందేంత దూరంలో లేదు. వాడు తన్ని, కొట్టి చేసిన చప్పుడు కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చెట్టు కిందికి లాగి పడుకోబెట్టాం. మెడ వాలిపోయింది. మంగమ్మ చేటతో విసురుతూ, మొహాన నీళ్లు కొడుతూ, "కళ్లు తెరువు నాయనా, మీ అమ్మకేం చెప్పేది" అంటూ ఒకటే ఏడుపు. ప్రసాద్ వాడి అరికాళ్లు రుద్దుతూ ఏవేవో మొక్కులు మొక్కాడు. చదువుకున్న దేవుడూ చదువుకోని దేవుడూ అందరూ అందులో ఉన్నారు. నేనైతే ఏమీ మొక్కలేదు. వాడి ఛాతీ వైపే చూస్తున్నాను.

చాలాసేపటికి ఒక దగ్గు వచ్చింది. తర్వాత ఇంకోటి. పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు. కళ్లు తెరిచి, మా ఇద్దర్నీ చూసి, ప్రసాద్ మీద కోపంగా అన్నాడు. "చివర్లో ఆగిపోయావేంట్రా? నేనింకా రెండో దెబ్బ వెయ్యందే!"

ప్రసాద్ వాణ్ణి కావలించుకుని భోరున ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నాగేశం తలుపు దగ్గరే కూలబడ్డాడు, కాయల మాట మళ్లీ ఎత్తలేదు. రోడ్డు మీద ఆపిన లారీ సరిగ్గా జానీ మామయ్యదే. ఊళ్లో డాక్టరుగారు చూసి, ఇంకాసేపు ఆలస్యమైతే తన చేతుల్లో ఉండేది కాదన్నారు. వాళ్లమ్మ ఏడవాల్సినదంతా ఏడ్చి, తర్వాత మా ముగ్గురికీ కలిపి చీపురు చూపించింది. ఆ చీపురు చూసి మాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

లోపల ఏం జరిగిందని జానీని అడిగితే, ప్రోగ్రాంలో వాయిస్తున్నట్టు కల వచ్చిందన్నాడు. అంతకుమించి వాడికేమీ తెలియదు.

తర్వాత ఆ పెట్టెను నేను విప్పి చూశాను. ప్రసాద్ చూశాడు. బెజవాడ మెకానిక్ కూడా చూశాడు. లోపల మిగిలిపోయిన కరెంటుతో కాసేపు మోగిందేమో అని ఒక అనుమానం. అది క్షణాల్లో చచ్చిపోతుంది, గంటలు ఉండదు. రేడియో ఏదైనా పట్టిందేమో అని ఇంకో అనుమానం. జానీ తప్పును వాయించే రేడియో స్టేషను లేదు. ఉద్యోగంలో చేరాక పెద్ద ఇంజనీర్ల దగ్గర మాట వరసకు అడిగి చూశాను. ఎవరూ చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేను.

విస్సన్నపేట ప్రోగ్రాంలో పాట పన్నెండో బార్‌కి రాగానే ప్రసాద్ గిటారు ఆపేసి వెనక్కి తిరిగాడు. జానీ రెండు దెబ్బలూ వేశాడు. జనం నవ్వారు కూడా. మాకేం పట్టలేదు.

బ్యాండు ఎప్పుడో పోయింది. జానీకి మనవలొచ్చారు. ఫోను చేస్తే ఇప్పటికీ ఒరేయ్ అనే మొదలుపెడతాడు. ఆంప్లిఫయరు పెట్టె మాత్రం మా ఇంటి వసారాలో ఉంది. ప్లగ్గు లేదు, తీగ లేదు. పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యమని మా ఆవిడ గొడవ. ఇవ్వను.

ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోగానే నేను ముందు దానివైపు చూస్తాను. కాసేపు చెవొగ్గి వింటాను. చప్పుడేమీ ఉండదు. అమ్మయ్య, వాడు బాగానే ఉన్నాడు అనుకుని, అప్పుడు విసనకర్ర అందుకుంటాను.