సినిమా వేయని హోమ్ థియేటర్

పెళ్లిళ్లకు మైక్ సెట్ కట్టే స్నేహితుడి దగ్గర మా ఆయన ఒక పెద్ద ఆంప్లిఫయర్ కొని, పోదనూరులో మా చిన్న హాల్లోని హోమ్ థియేటర్‌కు తగిలించారు. కిటికీలు అదిరాయి, ఆయన మురిసిపోయారు. కానీ సినిమాలో ఎవరైనా మెల్లగా మాట్లాడితే చాలు, ఆంప్లిఫయర్ లోపలి ఫ్యాన్ రొదే వినిపిస్తోంది. విసిగిపోయి, తిరిగి ఇచ్చేద్దామని ఈ మధ్యాహ్నం స్విచ్ ఆపబోయారు. సోఫాలో కునుకు తీస్తున్న ఆయన అవ్వ కళ్లు తెరవకుండానే మనవడితో ముద్దుగా అంది:

"ఆపొద్దు కన్ను. ఈ ఫ్యాను రొద మీ తాత బనీన్లు నేసే మిషను సత్తం మాదిరే ఉండాది. తిరుప్పూరు విడిచినాక ఇప్పుడే బాగా నిద్ర పట్టింది."

ఆయన సినిమా ఆపేశారు. ఆంప్లిఫయర్‌ను మాత్రం అలాగే వదిలేశారు.

సాయంత్రమైంది, ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, అవ్వ ఇంకా హాయిగా గురక పెడుతూనే ఉంది. మీ ఇళ్లలో హోమ్ థియేటర్లు సినిమాలు కూడా వేస్తాయట, నిజమేనా?