పదమూడో మేకు

మా పాఠశాలకు డిజిటల్ బోర్డు వచ్చిన వారానికి నేను దానికి పంచె కట్టాను.

ఉద్దేశం మంచిదే. గోదావరిఖనిలో కిటికీ మూయడం మరిచిన గదిలో సాయంత్రానికల్లా బల్లమీద వేలితో పేరు రాసుకోవచ్చు. ఓపెన్‌కాస్టు బొగ్గుగని వైపు నుంచి గాలి వీచిన నాడు ఇంటిపేరుతో సహా రాసుకోవచ్చు. అంత దుమ్ములో అంత నున్నని అద్దం ఏమైపోతుందోనని మథనపడి, మా ఇంటావిడ చేత నా పాత పంచెలు రెండు కలిపి కుట్టించి, ఎర్రంచు పైకి కనిపించేటట్టు దానికి తొడిగించాను. మరునాడు తొమ్మిదో తరగతి పిల్లలు వచ్చి, ఆ ఆకారాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"బోర్డుకు పెండ్లా సార్?"

"ఏ, గది సార్ పంచెనే. మొన్న జెండా పండుగకు కట్టుకొచ్చిండు, జూడలే?"

ఆ ముసుగులో నాకు మరో సౌకర్యం కూడా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అది తీయనంత కాలం బోర్డును వాడవలసిన అగత్యం రాదు. నేను తెలుగు పండితుణ్ణి. ఉద్యోగ విరమణకు అప్పటికి ఏడాదిన్నర మిగిలి ఉంది. పద్యం నోటికి రావాలి, నోటికి వచ్చినది గుండెకు దిగాలి, ఇందుకు విద్యుత్తుతో పనిలేదు అన్నది నా సిద్ధాంతం. నా దగ్గర చదివిన వారిలో ఎందరికి అది గుండె దాకా దిగిందో నేను ఏనాడూ విచారించలేదు. నోటి దగ్గరే నిలిచి మార్కులు వేసేవాణ్ణి.

మా ప్రధానోపాధ్యాయురాలు నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. నా సిద్ధాంతాలన్నిటినీ మిక్కిలి గౌరవంతో విని, ఒక్కదాన్నీ పాటించేది కాదు. ఒకరోజు నన్ను గదికి పిలిచింది.

"సార్, పెద్దపల్లిల ప్రదర్శన ఉన్నది. ప్రతి సబ్జెక్టుకు ఒక ప్రాజెక్టు పెట్టాలె. తెలుగుది మీదే. ట్యాబులు పన్నెండు వచ్చినయి. అవి గూడ మీ పేర్ననే రాస్తున్న."

"అమ్మా, వాటి తల ఏదో తోక ఏదో నాకు తెలియదే!"

"పిల్లలకు తెలుసు సార్. మీరు ఊకె పక్కన ఉండుండ్రి."

ఊరికే పక్కన ఉండడం! అన్నేళ్ళ ఉద్యోగంలో నేను నేర్వని విద్య అదొక్కటే.

రిజిస్టరులో సంతకం చేసిన క్షణం నుంచి నాకు శాంతి కరువైంది. పన్నెండు ట్యాబులనూ స్టాఫ్‌రూములోని ఇనుప అల్మారాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవిని జంధ్యానికి ముడివేసుకున్నాను. వాటిని ఎవరూ తాకకుండానే ప్రాజెక్టు ప్రారంభించాను. విశ్రాంత గని కార్మికుల దగ్గరికి పిల్లలు వెళ్ళి వారి అనుభవాలు సేకరించాలి. ఈ సీమలో గనిని బాయి అంటారు కనుక పిల్లలు దీనికి 'బాయి ముచ్చట్లు' అని పేరు పెట్టుకున్నారు. నేను మాత్రం నల్లబల్లమీద 'భూగర్భ శ్రమజీవన వృత్తాంత సంకలనము' అని రాశాను. ఆపైన ముప్పై ప్రశ్నలు చెప్పి రాయించాను. "మీ వృత్తిజీవనమునందు మీకు సంప్రాప్తించిన క్లేశములెవ్వి?" అన్నది వాటిలో మొదటిది. పిల్లలకు శ్రమ కలగరాదని ముప్పై జవాబులు కూడా చెప్పి రాయించాను.

రెండో బల్లలోని ఒక అమ్మాయి చెయ్యెత్తింది. చదువులో చురుకు, మాటలో ఇంకా చురుకు.

"సార్, జవాబులు గూడ మీరే చెప్తిరి. ఇగ తాతల దగ్గరికి పోయి ఏమడగాలె?"

"వెళ్ళి సరిచూసుకోండి."

"తప్పులుంటె ఎవలయి దిద్దాలె సార్? మనయా, వాళ్ళయా?"

తరగతి నవ్వింది. నేను కూర్చోమన్నాను. ఆమె కూర్చోలేదు.

"మరి ట్యాబులెప్పుడిస్తరు సార్? తాతల మాటలు రికార్డు చెయ్యాలె గద."

"పోతే బాధ్యులెవరు?"

అప్పుడా పిల్ల ఈ ఊరి బిడ్డకే తట్టగల ఉపాయం ఒకటి చెప్పింది.

"బాయిల ల్యాంపు రూము ఉంటది సార్. మా తాత గండ్లనే పని జేసి రిటైరయిండు. బాయిల దిగేటోళ్ళు నంబరున్న బిళ్ళ ఇచ్చి, నెత్తికి పెట్టుకునే ల్యాంపు తీస్కపోతరు. ఎక్కినంక ల్యాంపు ఇచ్చి బిళ్ళ తీస్కుంటరు. మేకుకు బిళ్ళ ఉన్నదంటె మనిషింక లోపటనే ఉన్నట్టు. మనం గూడ గట్లనే జేద్దాం."

"మనది పాఠశాల. బొగ్గుగని కాదు."

"అల్మారల పెడితె ఏం ఫాయిదా సార్? గవి దిగుతలేవు, ఎక్కుతలేవు."

ఈ మాట ప్రధానోపాధ్యాయురాలి చెవిన పడింది. మూడో నాటికి స్టాఫ్‌రూము బయట వరండా గోడకు ఒక చెక్క, దానికి పన్నెండు మేకులు వచ్చాయి. నూనెడబ్బా రేకును గుండ్రంగా కత్తిరించి, అంకెలు గుద్ది, ఆ అమ్మాయి తాతే బిళ్ళలు చేసి పంపాడు. తరగతి పన్నెండు జట్లయింది. జట్టుకొక బిళ్ళ. బిళ్ళ తగిలించి ట్యాబు తీసుకోవాలి, ట్యాబు అప్పగించి బిళ్ళ తీసుకోవాలి. ఈ ల్యాంపు రూముకు ఆ అమ్మాయే అధికారి. నా జంధ్యం తాళంచెవి బరువు దించుకుని తేలికపడింది. ఆమె పీరియడ్ మొదట అల్మారా తెరిచి, చివర లెక్కపెట్టి, తాళం వేసి, చెవిని స్టాఫ్‌రూము గోడకు తగిలించేది.

పని సాగింది. నా ముప్పై ప్రశ్నల్లో ఒక్కటీ ఎవరూ అడగలేదు. ఒక జట్టు "కింద అన్నం ఎట్ల తింటుండె తాతా?" అని మాత్రమే అడిగి వచ్చింది. ఆ పెద్దమనిషి ఆగకుండా గంటసేపు మాట్లాడాడట. ఏడో నంబరు ట్యాబుతో వెళ్ళినది మా ల్యాంపు రూము అమ్మాయి జట్టు. వాళ్ళు బోర్డుకు నా పంచె విప్పి, ట్యాబును దానికి కలిపి, కళ్ళు మూసుకోండని అందరికీ చెప్పారు. ఒక వృద్ధుడి గొంతు వినిపించింది.

"కట్టెతోటి మీది కప్పు కొట్టి సూడాలె బిడ్డా. గట్టిదైతె గిట్ల మోగుతది. బోలుదైతె గిట్ల. గా బోలు సప్పుడిన్నవా, కప్పు కూలుతదన్నట్టే, ఎనుకకు మర్లాలె. జల్ది."

ఆయన తన ఇంటి గోడమీద ఒకసారి, ఖాళీ బీరువా మీద ఒకసారి కొట్టి చూపించాడు. పిల్లలు ఆ రెండు చప్పుళ్ళనూ కలగాపులగంగా వినిపిస్తూ, ఏది గట్టిదో ఏది బోలో చెప్పమన్నారు. ఛందస్సులో ఒక్క మాత్ర తేడా వచ్చినా పసిగట్టే చెవి కదా అని నేనూ పూనుకున్నాను. మూడుసార్లు చెప్పాను. మూడూ తప్పే.

"సార్ మూడుసార్లు సచ్చిండు!" అని వెనుక వరుస ప్రకటించింది.

ఆ చప్పుడునే పెద్దపల్లి ప్రదర్శనకు పంపాలని, ఆ అమ్మాయే దాన్ని వివరించాలని నిశ్చయమైంది. ప్రదర్శన సోమవారం.

ఆ ముందరి శనివారం పొద్దున ఆమె అల్మారా తెరిచింది. పదకొండే ఉన్నాయి. ఏడో నంబరు లేదు. మేకుకు బిళ్ళ కూడా లేదు.

"బిళ్ళ లేకుంట ల్యాంపు పోయింది సార్," అని తరగతిలోకి వచ్చి చెప్పింది.

"నిన్న లెక్కపెట్టి తాళం వేసినది ఎవరు?"

"నేనే. పన్నెండున్నయి సార్."

"పన్నెండు ఉంటే పదకొండు ఎలా అవుతాయి? బాధ్యత అంటే తెలియని వాళ్ళ చేతికి తాళంచెవి ఇవ్వడం నాదే పొరపాటు."

ఈ మాట నేను తరగతి నడుమ నిలబడి, పద్యపాదం చివర ఆగినట్టు గంభీరంగా ఆగి మరీ అన్నాను. పిల్లలంతా ఆమె వైపు చూశారు. ఆమె ఏడవలేదు. వెళ్ళి తన చోట కూర్చుని, పలక లాగా నిలువుగా ఉండిపోయింది.

ప్రధానోపాధ్యాయురాలు నిట్టూర్చింది. "సాయంత్రం దాక చూద్దాం సార్. దొరకకుంటె పైకి రాయాలె. ఆ పిల్లను పెద్దపల్లికి తోల్కపోవుడు గూడ కష్టమే. రేపు నలుగురు నాలుగు మాటలంటరు."

మధ్యాహ్నానికి కబురు అందుకుని ఆ అమ్మాయి తాత వచ్చాడు. నాలుగడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకునే మనిషి. నాతో వాదించలేదు. మేకుల చెక్కను కిందినుంచి పైకి చూశాడు.

"మా పిల్ల లెక్క తప్పది సార్. నేనే నేర్పిన."

"లెక్క తప్పకపోతే వస్తువు ఏమైనట్టు పెద్దాయనా?"

"గదే సూస్తున్న. ల్యాంపు దొరకకుంటె మేం ఇంటికి పోయేటోళ్ళం గాదు. గిట్లనే గూసుంటుంటిమి." అని వరండాలో చెక్క కిందనే కూర్చున్నాడు. మనవరాలు వచ్చి ఆయన పక్కన నిలబడింది. భోజనానికి వెళ్ళమంటే ఇద్దరూ కదలలేదు.

నేను మాత్రం స్టాఫ్‌రూములో పెరుగన్నం తిని, చేయి కడుక్కుని, ధర్మపక్షాన నిలిచిన వాడికి ఉండే ప్రశాంతతతో వ్యాసాల పుస్తకాల కట్ట విప్పాను. ఇంటికి తీసుకెళ్ళి సగం దిద్ది, పొద్దున తిరిగి మోసుకొచ్చిన కట్ట అది. పదిహేనో పుస్తకానికీ పదహారో పుస్తకానికీ నడుమ, నల్లగా, నున్నగా, ఏడో నంబరు ట్యాబు ఉంది.

అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా నా బల్లమీద ఎప్పుడూ ఒక బొగ్గుపెళ్ళ ఉండేది. నా దగ్గర దిద్దించుకున్న ప్రతి వ్యాసం మీదా దాని నల్లమరక పడేది. ప్రదర్శనలో పెట్టడానికి పిల్లలు ఆ పెళ్ళను పట్టుకుపోయారు. శుక్రవారం చివరి పీరియడులో కాగితాలు లేచిపోతుంటే, గోడకున్న చెవి తీసి, అల్మారా తెరిచి, చేతికి బరువుగా తగిలిన దాన్ని తెచ్చి పుస్తకం మీద పెట్టాను. దానిమీద మరికొన్ని పుస్తకాలు పెట్టాను. గంట కొట్టగానే కట్ట కట్టాను. నా మనసులో అది ట్యాబు కాదు, బరువు. ఆధునిక సాంకేతికతను నేను స్వయంగా వినియోగించిన మొట్టమొదటి సందర్భం అది.

గదిలో ఎవరూ లేరు. అల్మారా నాలుగడుగుల దూరంలో ఉంది. వెనుక అరలో సందున దూర్చి, "ఇదిగో, ఇక్కడే ఉన్నదే!" అని ఆశ్చర్యపడితే సరిపోతుంది. ఆ ఆశ్చర్యానికి తగిన వాక్యాలు కూడా సిద్ధమైపోయాయి. వాటి నడక చాలా బాగుంది. ట్యాబును పట్టుకుని నాలుగడుగుల్లో మూడు నడిచాను కూడా. తలుపు సందులోంచి వరండాలో ఆ పిల్ల పాదాలు కనిపించాయి. చెప్పులు విప్పి, ఒక పాదం మీద మరో పాదం పెట్టుకుని నిలబడి ఉంది. పొద్దుటినుంచీ ఆమె కూర్చున్న తీరు జ్ఞాపకం వచ్చింది. నాలుగో అడుగు వేయలేకపోయాను.

బయటికి వచ్చాను. అయినా పాండిత్యం నన్ను పూర్తిగా విడిచిపెట్టలేదు.

"లభించినది," అన్నాను.

తాత లేచాడు. "యాడ దొరికింది సార్? మా రిజిస్టరుల గది గూడ రాస్తుండె."

"పుస్తకాల కట్టలో."

"ఎవల కట్ట?"

"నాదే. కాగితాలు ఎగరకుండా బరువు పెట్టాను. మరిచిపోయాను."

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "బిళ్ళ పెట్టిండ్రా?"

"నాకు బిళ్ళ లేదు కదా."

"గదే తప్పైంది సార్. మా బాయిల మేనేజరుకు గూడ ఉంటుండె."

నేను ఆ అమ్మాయి వైపు తిరిగి, "అమ్మా, అవిచారితంగా నిన్ను..." అని మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే ఆపింది.

"గిక్కడ కాదు సార్. పొద్దున అందరి ముంగటనే అంటిరి గద."

తరగతిలోకి వెళ్ళాను. ఆమె తన చోట నిలబడింది. నా వెనుక బోర్డు పంచె లేకుండా ఉంది. ఎన్నో దీర్ఘ సమాసాలు నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి వెళ్ళాయి. "ఆమె లెక్క సరైనదే. ట్యాబు తీసినది నేను. అనరాని మాట అన్నాను, తప్పు నాది," అన్నాను. నా ఉద్యోగ జీవితంలో అంత క్లుప్తమైన ఉపన్యాసం మరొకటి లేదు. వెనుక వరుసలో నవ్వు మొదలైంది.

"ఏంది, ట్యాబును రాయి లెక్క పెట్టిండా?"

"నయం, దీనికి పంచె కట్టలే!"

ఆ నవ్వులో ఆమె కూడా చేరిందా అని చూశాను. చేరలేదు. కూర్చుని పుస్తకం తెరిచింది. అయితే సాయంత్రం ఇంటికి బయలుదేరేసరికి మేకుల చెక్క దగ్గర తాతా మనవరాలూ ఉన్నారు. ఆయన రాయి పట్టుకుని చివర పదమూడో మేకు కొడుతున్నాడు. ఆమె నాకొక రేకుబిళ్ళ ఇచ్చింది. మిగతా పన్నెండింటికంటే కొంచెం పెద్దది.

"మీరు మర్సిపోతరని పెద్దగ జేయించిన సార్."

సోమవారం పెద్దపల్లి హాలులో మా బల్ల దగ్గరికి ఒక అధికారి వచ్చి ఆగారు. ఆ అమ్మాయి ఇంకా నోరు విప్పకముందే నాలోని పండితుడు మేల్కొన్నాడు. ఈ చప్పుడు మహత్తును తగిన భాషలో నేనే నివేదించాలనిపించి, ఏడో నంబరు ట్యాబు కోసం చెయ్యి చాచాను. ఆమె తలెత్తకుండా అరచెయ్యి చాపింది.

"బిళ్ళ సార్."

జేబులు తడుముకున్నాను. బిళ్ళ ఇంట్లో, మరో చొక్కాలో ఉంది. ఆమె ట్యాబు ఇవ్వలేదు. అధికారి వైపు తిరిగి, "కండ్లు మూసుకోండ్రి సార్," అన్నది. ఆయన మూసుకున్నారు. పక్కనే ఊరికే నిలబడి నేనూ మూసుకున్నాను.