అత్తయ్య సొరపాదు

మా మేనత్త పరుషంగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. భర్త పోయాక, యుద్ధం రోజుల్లో, పటమటలోని మా ఇంటికి వచ్చేసింది. మా అమ్మ నోటికి మాత్రం అడ్డూ ఆపూ ఉండేది కాదు.

"ఇది చారా, కాలవ నీళ్ళా?" అనేది అమ్మ.

"ఉండు వదినా, పాదుకు నీళ్ళు పోసొస్తా" అని అత్తయ్య చెంబుతో పెరట్లోకి పోయేది. కోపం చల్లారేదాకా ప్రార్థన చేసుకుంటూ సొరపాదుకు నీళ్ళు పోసి, నవ్వుతూ తిరిగొచ్చేది. రోజుకు పది చెంబులకు తగ్గేది కాదు.

ఎందుకని అడిగితే, "కోపం లోపల పెట్టుకుని ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర మీ అమ్మ పక్కన ఎలా కూర్చునేదే?" అంది.

ఒక ఆదివారం పాస్టరుగారు మా పందిరి చూసి ఆశ్చర్యపోయారు. "ఇంత కాపు ఎలా వచ్చిందమ్మా?"

"అంతా మా వదిన చలవేనండీ" అంది అత్తయ్య.

అమ్మ మురిసిపోయి ఆయనకు రెండు కాయలు కోసిచ్చింది.

మరుసటి ఏడు అమ్మ పోయింది. సమాధి చేసి వచ్చిన సాయంత్రం అత్తయ్య చెంబు పట్టుకుని పెరట్లోకి వెళ్తుంటే, వెనకే వెళ్ళాను.

"ఇప్పుడెవరి మీద కోపం అత్తయ్యా?"

"మీ అమ్మ మీదేనే. నాకొక్క మాటైనా చెప్పకుండా పోయింది" అని ఇంకో చెంబు పోసింది.